కొత్త కోరంగిలో నూనె లేని నలభై రోజులు

ఆపరేషన్ తర్వాత మూడో రోజు

డాక్టర్ సబిత ఈ పలకను పొద్దున నా చేతికిచ్చింది. పాప ఏం తిన్నది, ఎన్ని నీళ్లు తాగింది, ఛాతీకి పెట్టిన గొట్టంలోంచి ఎంత నీరు దిగింది, ఎలా ఉంది, ఇవన్నీ రోజూ రాయాలట. యంత్రాలు ఎటూ రాసుకుంటాయి కదండీ అన్నాను.

"యంత్రం మిల్లీలీటర్లు రాస్తది అన్నా. పిల్ల ఎందుకు మూతి ముడిచిందో రాయదు. అది నువ్వే రాయాలె," అంది.

"మిగతా సంగతులు కూడా రాసుకోవచ్చాండి?"

"రాస్కో. జాగ మస్తుంది."

అందుకని రాస్తున్నాను. నా పేరు వీరభద్రం. కొత్త కోరంగిలో ఉండే మూడువందల పన్నెండు మందికీ వంట చేసేది నేనే. నా భార్య మంగతాయారు నాచు తొట్టెల దగ్గర పనిచేస్తుంది. మేం తినే నూనె, పీల్చే గాలిలో సగం ఆ తొట్టెల్లోంచే వస్తాయి. మా పాప కేతకికి ఆరేళ్లు. గుండెలో చిల్లుతో పుట్టింది. దానికి తోడు ఊపిరితిత్తులకు రక్తం పోయే దారి కూడా ఇరుకు. పది అడుగులు గట్టిగా నడిస్తే గొంతుక్కూర్చుని రొప్పేది. పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగేవి. భూమికి తీసుకెళ్దామంటే ఆ ప్రయాణాన్ని దాని గుండె తట్టుకోదన్నారు. చివరికి డాక్టరమ్మే యంత్రపు చేతులతో ఇక్కడే చేసింది. ఏడు గంటలు పట్టింది. ఈ ఎర్ర నేల మీద ఒక పిల్లకు గుండె ఆపరేషన్ జరగడం ఇదే మొదటిసారి.

తాయారు పొద్దున్నుంచీ పాప గోళ్లే చూస్తోంది.

"ఏవండీ, ఇటు రండి. ఎర్రగా ఉన్నాయి."

"చూశాను కదే ఇందాక."

"ఇంకోసారి చూస్తే ఏం పోయిందండీ?"

మళ్లీ చూశాను. ఎర్రగానే ఉన్నాయి. నిజం చెప్పాలంటే మధ్యాహ్నం వరకు ఇంకో నాలుగుసార్లు చూశాను.

గొట్టంలో నీరు: 140. ఆహారం: నాలుగు చెంచాల గంజి.


ఐదో రోజు

ఈరోజు మామూలు భోజనం పెట్టొచ్చన్నారు. కేతకి కళ్లు తెరిచి ఎవరినీ పలకరించకుండా, "నాన్నా, పునుగులు," అంది.

నర్సు రూతమ్మ ఆ మాట విని పగలబడి నవ్వింది. "ఏందమ్మా, గుండె బాగుచేస్తే అడిగేది పునుగులా?"

వంటశాలకు ఎలా వెళ్లానో, పిండి ఎలా కలిపానో నాకే గుర్తులేదు. పప్పన్నం, పల్లీల పచ్చడి, పన్నెండు పునుగులు పట్టుకొచ్చాను. తొమ్మిది తిన్నది. పుట్టిన దగ్గర్నుంచి ఒక్క పూటలో అంత తినడం నేను చూడలేదు. పాలు తాగేటప్పుడు కూడా మధ్యలో అలసిపోయి నిద్రపోయేది. అలాంటిది ఇవాళ తొమ్మిది! మిగిలిన మూడూ డాక్టరమ్మ తిన్నది.

గొట్టంలో నీరు: 110. తగ్గుతోంది. రెండు రోజుల్లో గొట్టం తీసేస్తారట.


ఆరో రోజు

పొద్దున వచ్చేసరికి గొట్టంలో నీరు తెల్లగా ఉంది. పాలలా చిక్కగా, తెల్లగా. గొట్టం చివరున్న పెట్టెలో 320 గీత దాటింది.

తాయారు గోడ పట్టుకుని నిలబడిపోయింది. పాప మాత్రం ఆ పెట్టె వైపు ఆసక్తిగా చూస్తూ, "నేను పాలు ఇస్తున్నానా?" అని అడిగింది.

డాక్టర్ సబిత ఆ నీటిని పరీక్షకు పంపి వచ్చి మా ఇద్దరినీ కూర్చోబెట్టింది.

"భయపడకుండ్రి. గుండె మంచిగుంది. గుండె పక్కపొంటి సన్నటి నాళం ఒకటి పోతది. మనం తిన్న కొవ్వు ఆ నాళంలకెళ్లే నెత్తుర్ల కలుస్తది. ఆపరేషన్‌ల అది ఎక్కడ్నో చిట్లింది. ఇగ తిన్న కొవ్వంతా ఛాతీల కారుతున్నది. ఇసుంటి ఆపరేషన్లయినంక కొంతమంది పిల్లలకు ఇట్లయితది."

"నేనే పెట్టానండి," అన్నాను. "తొమ్మిది పునుగులు. నూనె ఓడుతున్నాయండి."

"అన్నా, చిట్లింది ఆపరేషన్ బల్ల మీద. నీ మూకుట్ల గాదు. నువ్వు పెట్టకపోతే ఆ నీళ్లు పల్చగనే ఉంటుండె, నేను గొట్టం తీసేసి ఇంటికి పంపిద్దును. ఇంటికాడ ఛాతీ నిండి ఊపిరాడకపోతుండె. నీ పునుగులే దాన్ని పట్టిచ్చినయ్."

ఆ మాట నన్ను ఓదార్చడానికి అన్నదో, నిజంగానే అన్నదో తెలీదు. కానీ దాన్ని పట్టుకునే ఈ పూట గడిపాను.

ఇక మీదట నూనె చుక్క కూడా పెట్టకూడదు. ఎన్నాళ్లంటే, ఆ నాళం మానేదాకా.


ఏడో రోజు

నాకు పదిహేనో ఏటి నుంచి వంటే పని. నూనె లేకుండా వంట మొదలుపెట్టడం ఎంత కష్టమో ఈరోజే తెలిసింది. పొయ్యి మీద గిన్నె పెట్టి, చెయ్యి దానంతటదే నూనె సీసా మీదకి పోవడం, దాన్ని వెనక్కి లాక్కోవడం. ఇలా పదిసార్లు.

ఉడకబెట్టిన సొరకాయ, చప్పటి పప్పు పట్టుకెళ్లాను. కేతకి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నన్ను జాలిగా చూసింది.

"నాన్నా, నువ్వు వంట మర్చిపోయావా?"

గొట్టంలో: 380. ఆహారం: మూడు ముద్దలు, ఒక మాట.


ఎనిమిదో రోజు

ఆవాలు ఉత్త మూకుట్లో వేయించాను. డాక్టరమ్మ పన్నెండు గింజలకు ఒప్పుకుంది. ఆవాల్లో కూడా నూనె ఉంటుందట. పన్నెండూ లెక్కపెట్టి వేశాను. కాల్చిన వంకాయ పచ్చడిలో అవి కలిపి పట్టుకెళ్తే కేతకి ముక్కు ఎగబీల్చి, "ఇది మా నాన్న వంట," అని రూతమ్మకు చెప్పింది. పదికి ఆరు మార్కులు వేసింది.

గొట్టంలో: 290.


పదో రోజు

పొద్దున 450. నిన్నటికంటే నూటయాభై ఎక్కువ.

పలక ముందేసుకుని నిన్నటి వంటంతా తిరగేశాను. కందిపప్పు కడిగానా, మూకుడు తోమానా, ఉప్పు డబ్బా మీద ఎవరైనా జిడ్డు చెయ్యి పెట్టారా. ఏమీ దొరకలేదు. పాప బరువు ఒకటిన్నర కిలో తగ్గింది. భుజం ఎముకలు గౌను కిందనుంచి కనపడుతున్నాయి.

మధ్యాహ్నం తాయారు నాచు తొట్టెల దగ్గర్నుంచి వచ్చి నా పక్కన కూర్చుంది. చేతులు ఇంకా పచ్చగానే ఉన్నాయి, కడుక్కోకుండానే వచ్చేసింది.

"రాయండి," అంది.

"ఏం రాయమంటావు?"

"నిన్న సాయంత్రం చెంచాడు పల్లీముద్ద నేనే పెట్టానని రాయండి. 'అమ్మా, ఒక్కసారి నాలిక మీద రాయవా, మింగనులే' అందండి. ఆరేళ్ల పిల్ల నాతో బేరమాడుతోంది. తట్టుకోలేకపోయానండి. రాసేది మాత్రం రాయండి, డాక్టరమ్మకి తెలియాలి."

నాకు కోపం రావాలి. కానీ నా జేబులో రెండు రోజులుగా ఒక వేయించిన అప్పడం ముక్క ఉంది. పాప మంచం దాకా వెళ్తున్నాను, ఇవ్వలేక వెనక్కి వస్తున్నాను. తీసి తాయారు చేతిలో పెట్టాను. అది మెత్తబడి, నలిగి, దుమ్ము పట్టి ఉంది. తాయారు దాన్ని చూసి ముందు ఏడ్చింది, తర్వాత నవ్వింది. ఇద్దరం కలిసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి చెప్పాం.

ఆమె కోప్పడలేదు. కుర్చీలో వెనక్కి వాలి పెద్దగా ఊపిరి వదిలింది.

"బతికిచ్చిన్రు. పథ్యం పనిచేస్తలేదేమోనని పొద్దుగాల నుంచి తల పట్టుకుంటున్న. ఏమున్నా గిట్లనే చెప్పుండ్రి. నాకు దాచకుండ్రి, అంతే."


పదకొండో రోజు

డాక్టర్ సబిత ఈరోజు అసలు చిక్కు చెప్పింది. కొవ్వు పూర్తిగా ఆపితే నాళం మానుతుంది, కానీ కొవ్వు లేకపోతే పిల్లకు బలం చాలదు, బలం లేకపోతే గాయం మానదు. దీనికి ఒక ప్రత్యేకమైన నూనె ఉంది. అది ఆ నాళం దాకా పోదు, పేగుల్లోంచి తిన్నగా రక్తంలో కలిసిపోతుంది. మా దగ్గర దాని సీసా ఒక్కటే ఉంది. అడుగున నాలుగు చెంచాలు మిగిలాయి. భూమి నుంచి వచ్చే ఓడకు ఇంకా పద్నాలుగు నెలలు.

"ఇరవయ్యో రోజుకు తగ్గకపోతే మళ్ల ఛాతీ తెరిచి ఆ నాళం ముడేయాలె," అంది.

మళ్లీ తెరవడం అన్న మాట దగ్గర నా చెవులు పనిచేయడం మానేశాయి. తాయారు చెవులు మాత్రం పనిచేశాయి.

"ఆ నూనె దేంట్లోంచి తీస్తారండి?"

"భూమ్మీదైతే కొబ్బరిలకెళ్లి."

"దాని బొమ్మ ఉందాండి? నూనె అణువుల గొలుసు బొమ్మ?"

డాక్టరమ్మ తెర మీద చూపించింది. తాయారు ఆ గొలుసులో పూసల్లాంటి అణువుల్ని వేలితో లెక్కపెట్టింది. ఎనిమిది, పది. మళ్లీ లెక్కపెట్టింది. నా వైపు తిరిగింది.

"ఇది మీరు పారేయమన్న నూనేనండి."

మూడేళ్ల కిందట ఏడో తొట్టెలో తాయారు కొత్తరకం నాచు పెంచింది. ఆ నూనె మూకుట్లో పోయగానే పొగలు, నురగ. గారెలు మాడిపోయాయి. నేను వంటశాలలో అందరి ముందూ "ఇదేం నూనె, గచ్చు కడుక్కోవడానికి కూడా పనికిరాదు" అన్నాను. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ నాచు విత్తు మాత్రం పారేయకుండా చల్లగదిలో దాచిపెట్టింది.

"వేయించడానికి పనికిరాదన్నారు కదా మీరు. ఈ నూనె వేయించడానికి కాదట, చూశారా," అంది. ఆ గొంతులో గర్వం ఎంతో, నా మీద పాత కోపం ఎంతో చెప్పలేను.

ఆరు రోజులు పడుతుందట పెరగడానికి. భోజనం చేయకుండానే తొట్టెల దగ్గరికి వెళ్లిపోయింది.


పన్నెండో రోజు

రూతమ్మ వచ్చి కొత్త సంగతి చెప్పింది. నేను ఊరందరికీ బజ్జీలు వేస్తుంటే ఆ వాసన గాలి గొట్టాల్లోంచి పాప గదిలోకి వస్తోందట. పాప ఏడవడం లేదు, కళ్లు మూసుకుని వాసన పీలుస్తూ దవడలు ఆడిస్తోందట.

"చూడలేకపోతున్నా నాయనా," అంది రూతమ్మ.

మధ్యాహ్నం అందరూ పళ్లేలు పట్టుకుని కూర్చున్నాక నిలబడి చెప్పాను.

"ఆయ్, ఇవాళ్టి నుంచి మూకుడు ఎక్కదండి. మా అమ్మాయి గదిలోకి వాసన పోతోందండి. అన్నీ ఆవిరి వంటలేనండి. ఎన్నాళ్లో చెప్పలేనండి."

ఈ ఊళ్లో పొద్దంతా సొరంగాలు తవ్వి వచ్చేవాళ్లకు నా బజ్జీలు తప్ప వేరే సరదా లేదు. తవ్వకాల మేస్త్రీ పైడిరాజు లేచాడు. శ్రీకాకుళం మనుషుల మాట, కొండలాంటి మనిషి.

"ఆవిరి కుడుంలోకి అల్లం పచ్చడైనా ఉంతాదా?"

"ఉంటుందండి."

"మరింకేటి? కూకోండి, తినండి," అని అందరి వైపూ తిరిగి గదమాయించి కూర్చున్నాడు.


పద్నాలుగో రోజు

పాపను నడిపించమన్నారు. ఛాతీ గొట్టం, దాని చివర పెట్టె, పెట్టెకు చక్రాలు. కేతకి దానికి తోక అని పేరు పెట్టింది. నడవాలో నడుస్తూ, "తోక తొక్కకండి, తోక తొక్కకండి," అని అందరినీ పక్కకు తప్పిస్తోంది. ఇంకో సంగతి. నడవా ఆ చివర నుంచి ఈ చివర దాకా వచ్చింది. ఒక్కసారి కూడా గొంతుక్కూర్చోలేదు. నేను చెప్పేదాకా తాయారు కూడా గమనించలేదు.

గొట్టంలో: 300. కందిపొడికి ఎనిమిది మార్కులు.


పదహారో రోజు

310. తగ్గడం లేదు. బరువు ఇంకాస్త పడింది. ఇరవయ్యో రోజుకు ఆపరేషన్ గది సిద్ధం చేస్తున్నారు.

కేతకికి ఎవరూ చెప్పలేదు. మా ముఖాలు చూసి తెలుసుకుంది.

"నాన్నా, మళ్లీ కోస్తారా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. డాక్టరమ్మ దాచొద్దన్న మాట గుర్తొచ్చింది.

"కోయాల్సి రావచ్చురా తల్లీ. అమ్మ చేసే నూనె పనిచేస్తే అక్కర్లేదు."

"అమ్మ చేస్తే పనిచేస్తుందిలే," అని, దుప్పటి సర్దుకుని, "రేపు ఏం వండుతావు?" అని అడిగింది.


పదిహేడో రోజు

తాయారు ఏడో తొట్టె నుంచి మొదటి సీసా తెచ్చింది. నిండా తొంభై మిల్లీలీటర్లు. నీళ్లలా తేటగా ఉంది. డాక్టర్ సబిత రెండు గంటలు పరీక్ష చేసి, తను ఒక చెంచా తాగి, మా ఇద్దరి చేతా తాగించింది. రుచి లేదు, వాసన లేదు.

"పొయ్యి మీద పెట్టకు. అన్నంల కలుపు," అంది.

వేడి అన్నం, కందిపొడి. పైన నెయ్యి వేసినట్టుగా రెండు చెంచాల తాయారు నూనె. పొడి అన్నం మెరిసింది. ముద్ద ముద్దగా కలిసింది.

కేతకి తిన్నది. గిన్నె ఖాళీ చేసింది. వేలితో అంచులు నాకింది.

"ఎన్ని మార్కులే?"

"అమ్మకి పది. నీకు తొమ్మిది."

ఆ తొట్టె గురించి మళ్లీ ఎప్పుడూ నోరెత్తనని తాయారుకు మాటిచ్చాను. రాసిపెట్టమంది. రాశాను.


పద్దెనిమిదో రోజు

రోజుకు మూడుసార్లు ఆ నూనె. గొట్టంలో: 240.


పంతొమ్మిదో రోజు

150. తెలుపు పల్చబడింది. గంజి తేరినట్టుగా ఉంది. డాక్టర్ సబిత పెట్టెను వెలుతురుకు ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. బయటికి వెళ్లి ఆపరేషన్ గది దీపాలు తీయించేసింది.


ఇరవయ్యో రోజు

70. రంగు తెలుపు కాదు, లేత పసుపు. మామూలు నీరు అలాగే ఉంటుందట.

రూతమ్మ ప్రార్థన చేసింది. తాయారు నిలబడే నిద్రపోయింది. తొమ్మిది రోజులుగా ఆమె సరిగా పడుకున్నది లేదు. నేను పొద్దుటి వంట మాడగొట్టాను. ఉప్పులేని మాడు ఉప్మా ఊరంతా తిన్నది, ఎవరూ నోరెత్తలేదు.


ఇరవై నాలుగో రోజు

15. గొట్టం తీసేశారు.

తీసేటప్పుడు కేతకి నా చెయ్యి పట్టుకుని గట్టిగా అరిచింది. ఈ ఊరి సొరంగాలు మొత్తం మార్మోగేలా అరిచింది. ఆపరేషన్‌కు ముందు దానికి అంత ఊపిరి ఎక్కడిది? ఏడవబోయినా మధ్యలో ఆగిపోయేది. ఆ అరుపు విని నేనూ తాయారూ ఒకరినొకరం చూసుకుని నవ్వుకున్నాం. పాపకు మా మీద బాగా కోపం వచ్చింది. "నొప్పెడితే నవ్వుతారేంటి?" అని సాయంత్రం దాకా మాట్లాడలేదు.


ముప్పై ఒకటో రోజు

ఇల్లు చేరాం. ఇంకో రెండు వారాలు నూనె బంద్, తాయారు నూనె తప్ప. బరువు పోయినదంతా తిరిగి వచ్చింది, పైన పావుకిలో కూడా.


నలభై ఆరో రోజు

ఈరోజు నుంచి మామూలు నూనె కొద్దికొద్దిగా మొదలుపెట్టి చూడమన్నారు. మొదటిరోజు ఒక్క చెంచా. మూకుడు ఎక్కించాను. ముప్పై నాలుగు రోజుల తర్వాత గాలి గొట్టాల్లోకి వాసన వెళ్లేసరికి తవ్వకాల వాళ్లు పని మధ్యలో వదిలేసి వచ్చేశారు. పైడిరాజు అందరికంటే ముందున్నాడు.

"ఏటి భద్రం, నీ గుంటకి నయమైపోనాదేటి?"

"ఇంకా చూడాలండి. నాలుగు రోజులయ్యాక ఛాతీ ఫోటో తీస్తారటండి."

"తీయనీ. బాగానే ఉంతాది," అని వరుసలో నిలబడ్డాడు.


యాభయ్యో రోజు

ఫోటో వచ్చింది. ఛాతీలో నీరు లేదు. చుక్క లేదు. డాక్టర్ సబిత తెర మీద నల్లగా కనిపిస్తున్న ఊపిరితిత్తుల్ని వేలితో చుట్టి చూపించింది.

"చూడు అన్నా, ఎంత నల్లగున్నదో. ఇట్లనే ఉండాలె."

అంత అందమైన నలుపు నేనెప్పుడూ చూడలేదు. ఆమె చేతులు పట్టుకుని కళ్లకద్దుకున్నాను. "ఊకో అన్నా," అంటూ ఆమె కూడా కళ్లు తుడుచుకుంది.


యాభై రెండో రోజు

డాక్టరమ్మ రేపు పలక తిరిగి ఇవ్వమంది. భూమి మీద, ఇక్కడ, ఇలాంటి పిల్లలున్న వాళ్లు చదువుకుంటారట. చివరి పేజీ కూడా నింపి ఇవ్వమంది.

అందుకని ఈరోజు పొద్దున్నుంచే సిద్ధంగా కూర్చున్నాను. పప్పు, దోసకాయ కూర, చారు, అన్నం. కేతకి బడి నుంచి వచ్చింది. రెండు ముద్దలు తిన్నదో లేదో, బయట నడవాలో పిల్లలెవరో పిలిచారు.

"కేతూ, అన్నం!"

"వచ్చాక తింటా!"

"ఏయ్, ముద్ద పట్టుకెళ్లవే!"

ఏదో చేతిలో తీసుకుంది. ముద్ద కావచ్చు, దోసకాయ ముక్క కావచ్చు. పరిగెత్తింది. నేను గిన్నె పట్టుకుని వెనకే పరిగెత్తాను. మూడో మలుపు దగ్గర నాకు ఆయాసం వచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాను. దాని నవ్వు నాలుగో మలుపు అవతలి నుంచి వినిపించింది. తర్వాత అదీ దూరమైంది. అక్కడ ఎవరి ఇంట్లోనో తింటూ కూడా ఉండొచ్చు. తాయారును అడిగితే తనకీ తెలీదంది.

పలక తీసి రాస్తున్నాను.

పాప ఎలా ఉంది: కనపడటం లేదు. పరిగెడుతోంది.

ఆహారం: తెలీదు.